మా అన్న రాసిన ‘పోయి రా’

మా ఇంట్లో ఎవరూ “పోతున్న” అని గడప దాటకూడదు. తోడుకు ఇంత పెరుగు తెచ్చుకోవడానికి పక్కింటికి వెళ్ళినా, చేవెళ్ళ బస్సెక్కినా “పోయొస్త” అనాల్సిందే. తొందరలో నోరు జారి “పోతున్న” అన్నామంటే మా అవ్వ, అంటే అమ్మ, వెంటపడి మరీ తిట్టేది. “ఎటు పోతవే? పోయొస్త అను. నోట్లె మంచి మాటే రాదా నీకు?” అనేది. సాగనంపేవాళ్ళూ అంతే. “పో” అనరు, “పోయి రా” అంటారు. పేచీ పెట్టుకుని అన్నం కూడా తినకుండా లేచిపోయే చుట్టాన్ని సైతం “సరే తియ్, పోయి రా” అనే పంపిస్తారు.

ఆ మాటను మా అన్న కంప్యూటర్ కోడ్‌లో పెట్టాడు. అది అక్కడ చేసిన నిర్వాకం ఏమిటో, దాన్ని నేను ఎందుకు సరిచేయాల్సి వచ్చిందో చెప్తాను. నాకు కోపం ఎక్కువ, ముందే చెప్పేస్తున్నాను. మా అన్న మీద మరీ ఎక్కువ. ఆయన పోయాక కూడా అది తగ్గలేదు.

అన్న, వదిన మొయినాబాద్ మండలం ఎంకపల్లిలో ఉండేవాళ్ళు. వాళ్ళకు పిల్లలు లేరు. నేను పెళ్ళయ్యాక చేవెళ్ళలో స్థిరపడ్డాను. మా ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఆయన కోడ్ రాస్తాడు, నేను ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు వెతుకుతాను. “నీ నోటికి తగ్గ నౌకరే దొరికింది” అనేవాడు అన్న.

అన్న సొంతంగా ఒక లైబ్రరీ రాశాడు. పుస్తకాల లైబ్రరీ కాదు. వేరేవాళ్ళు తమ ప్రోగ్రాముల్లో తెచ్చిపెట్టుకోవడానికి వీలుగా రాసి ఉంచే కోడ్‌ను కూడా లైబ్రరీ అనే అంటారు. ఓపెన్ సోర్స్ కాబట్టి దాన్ని ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, బాగుచేయొచ్చు. మన ఫోన్‌లో యాప్‌కు ఏదైనా వివరం కావాలంటే అది ఎక్కడో ఉన్న సర్వర్‌ను అడుగుతుంది. అలా అడిగే కిటికీని ఏపీఐ అంటారు. ఆ కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళకు ఏది చూపించొచ్చు, ఏది చూపించకూడదు అని తేల్చడం అన్న లైబ్రరీ పని.

ఈ ఆలోచన ఆయనకు ఆఫీసులో పుట్టలేదు, వదిన కౌంటర్ దగ్గర పుట్టింది. వదిన మొయినాబాద్ రోడ్డు మీద ఒక రిసార్టులో గేటు దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ పేరు రాసుకుని చేతికి కాగితం పట్టీ కడుతుంది. నీలం పట్టీ అయితే నీళ్ళలో దిగొచ్చు, పసుపుదైతే భోజనం వరకే. సాయంత్రం వెళ్ళేటప్పుడు కత్తెరతో ఆ పట్టీ కోసి పంపిస్తుంది. అన్న ఆమెను తీసుకెళ్ళడానికి బండి మీద వచ్చి, పని అయ్యేదాకా గోడకు ఆనుకుని ఈ తతంగమంతా చూస్తూ ఉండేవాడు. ఒకరోజు పసుపు పట్టీ కట్టుకున్న ఒకాయన నీళ్ళ వైపు నడుస్తుంటే వదిన ఆపిందట. నేనెవరో తెలుసా అని ఆయన ఎగిరాడట. “పేరు రాసుకున్న గద సార్, ఎవరో తెల్సు. గానీ మీ పట్టీ పసుపుది” అందట వదిన. అన్న ఇంటికి రాగానే నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వు. “ఎవరో తెల్సుడు వేరే, ఏం చేయనియ్యాల్నో వేరే. గిదే నేను రాయబోయేది” అన్నాడు.

అలా మొదలైంది. శనివారాలు నేను చేవెళ్ళ నుంచి ఎంకపల్లి వెళ్ళి, ఆయన రాసినదాన్ని పరీక్షించేదాన్ని. వదిన చాయ్ పెట్టేది, మేమిద్దరం కొట్టుకునేవాళ్ళం. అన్నిటికంటే పెద్ద కొట్లాట ఒక పేరు మీద జరిగింది. ఒక మనిషికి ఇచ్చిన అనుమతిని, అంటే టోకెన్‌ను, వెనక్కి తీసుకునే ఆజ్ఞ ఒకటి ఉంటుంది. వదిన కత్తెర లాంటిదన్నమాట. దానికి అన్న ఇంగ్లీషు అక్షరాల్లో ‘పోయిరా’ అని పేరు పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

“గిదేం పేరన్నా? దునియా మొత్తం వాడుకునే కోడ్ ఇది. రద్దు అని అర్థమొచ్చేటట్టు ఇంగ్లీషుల ఏదన్న పెట్టు.”

“మనిషిని పో అని ఎట్ల అంటమే?”

“అది మనిషి కాదన్నా, టోకెన్.”

“టోకెన్ ఎనుక మనిషే ఉంటడు గదా” అన్నాడు. ఇక ఆయనతో ఎవరు వాదిస్తారు? అనుమతి లేనివాళ్ళకు తెర మీద కనిపించే మాట కూడా ఇంగ్లీషులో మామూలుగా పెట్టి, తెలుగులో మాత్రం ‘పోయి రా’ అనే పెట్టాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. వదిన వంటింట్లోంచి “పెట్టుకోనియ్ తియ్, నీ సొమ్మేం బోయింది” అంది.

లైబ్రరీని మెల్లగా చాలామంది వాడుకోవడం మొదలుపెట్టారు. చిన్న చిన్న క్లినిక్‌లు, బడులు, కూరగాయలు ఇంటికి పంపే యాప్‌లు. ఎక్కడో చలిదేశంలో ఉండే ఒకాయన కూడా పనిలో కలిశాడు. మేం ఆయన ముఖం ఎప్పుడూ చూడలేదు, అన్నీ ఈమెయిల్ ఉత్తరాలే. అన్న మా బృందానికి ఒక పేజీ కట్టాడు. అనుమతి ఉండి, పనిలో ఉన్నవాళ్ళ పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. లేనివాళ్ళది బూడిద రంగులో ఉంటుంది.

తర్వాత అన్నకు జబ్బు చేసింది. రక్తానికి సంబంధించినది. దాని పేరు ఇక్కడ రాయను, ఆ పేరు మా ఇంట్లో పలకాల్సినంత పలికాం. మొదట్లో ఎవరికీ చెప్పొద్దన్నాడు, అవ్వకు తానే నిదానంగా చెప్పుకుంటానన్నాడు. ఈలోపే రక్తపరీక్ష చేసినచోట ఎవరో రిపోర్టు చూసి తెలిసినవాళ్ళకు చెప్పారు. మరుసటి రోజు పొద్దున్నే పరామర్శకు మనుషులు వచ్చేశారు. అవ్వకు వాళ్ళ నోటి ద్వారానే తెలిసింది. అంత జబ్బులో అన్న కంట నీళ్ళు పెట్టుకోవడం నేను ఆ ఒక్కసారే చూశాను. “నా రక్తం సంగతి అవ్వకంటె ముందు ఎంకపల్లికి తెల్సింది సూడే” అన్నాడు. వదిన ఆ మాట మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.

నగరంలో దవాఖానలో చేర్చాక ఆయన చేతికి ప్లాస్టిక్ పట్టీ కట్టారు. దాన్ని వదినకు చూపించి, “ఏం మేడం, నా పట్టీకి ఎక్కడిదాక ఇజాజత్ ఉన్నది?” అని అనుమతి అడిగినట్టు ఆటపట్టించాడు. “మంచం దాకనే. సప్పుడు జేయక పండుకో” అంది వదిన. పండుకుంటాడా? మంచం మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని కోడ్ రాసేవాడు. ఒక సాయంత్రం నేను సంచీ సర్దుకుని “పోయొస్త అన్నా” అన్నాను. తెర మీంచి కన్ను తిప్పకుండానే “పోయి రా” అన్నాడు. ఇంత దూరం వస్తే తలెత్తి చెప్పొచ్చు కదా అని బస్సులో చేవెళ్ళ దాకా గొణుక్కుంటూనే వచ్చాను. తెల్లారి మళ్ళీ వెళ్ళి, దవాఖాన మెట్లు ఎక్కుతుండగా వదిన ఫోన్ వచ్చింది.

నేను పైకి వెళ్ళేసరికి నర్సు కత్తెరతో అన్న చేతి పట్టీ కోస్తోంది. అది వాళ్ళ పద్ధతి. వదిన మంచం పక్కనే నిలబడి చూస్తోంది. నెల తిరిగాక ఆమె మళ్ళీ పనికి వెళ్ళింది కానీ, వెళ్ళిపోయేవాళ్ళ పట్టీలు కోయలేకపోయింది. “చెయ్యి ఆడతలేదు” అని చెప్పిందట వాళ్ళ మేనేజరుకు. ఇప్పుడు పట్టీలు కట్టడం వదిన పని, కోయడం పక్క కౌంటర్ అమ్మాయి పని.

మా చర్చిలో చనిపోయాడు అనరు, నిద్రించాడు అంటారు. అన్న కోసం పెట్టిన కూడికలో ఆ మాట విన్నప్పుడల్లా నా కడుపు మండిపోయింది. నిద్రపోయినవాణ్ణి లేపడానికి ఒక్కరూ పూనుకోరేం? అందరూ పప్పు, అన్నం తిని, వదిన చెయ్యి పట్టుకుని రెండు మాటలు చెప్పి, “పోయొస్తం” అని వెళ్ళిపోయారు. ఆ రోజు నేను ఎవరికీ “పోయి రండి” అని చెప్పలేదు.

అన్న ల్యాప్‌టాప్‌ను వదిన కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. అందులో మా బృందం పేజీ తెరిచే ఉంది. అన్న పేరు పక్కన పచ్చ చుక్క.

“గిదెందుకు పచ్చగున్నది?” అని అడిగింది వదిన.

ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉన్నంతసేపు అన్న తరఫున అదే వెళ్ళి అనుమతి తెచ్చుకుంటూ ఉంటుందని చెప్పాను.

“అంటే ఆయన ఉన్నట్టేనా?”

“ఉన్నట్టు చూపిస్తది వదినా, అంతే.”

“సరే, చూపియ్యనియ్” అంది.

అప్పటి నుంచి ఆ ఛార్జర్ తియ్యలేదు. కరెంటు పోతే ఫ్రిజ్ సంగతి తర్వాత, ముందు ల్యాప్‌టాప్ సంగతి చూసేది. ఆమెకు పిచ్చి పట్టిందని ఎవరైనా అంటే వాళ్ళ సంగతి చెప్తాను, ఎందుకంటే నేనూ అదే పని చేశాను. పొద్దున లేవగానే, ముఖమైనా కడుక్కోకుండా, ఫోన్‌లో ఆ పేజీ తీసి చుక్క చూసేదాన్ని. అది యంత్రం అని నాకు తెలుసు. ఎలా వెలుగుతుందో కోడ్‌లో ప్రతి వరసా తెలుసు. అయినా చూస్తే ప్రాణం కుదుటపడేది.

కొన్నాళ్ళకు చలిదేశపు ఆయన ఉత్తరం రాశాడు. బృందంలో లేనివాళ్ళ అనుమతి తీసేయాలనేది అన్న పెట్టిన నియమమే. అన్న ల్యాప్‌టాప్ ఎవరి చేతికైనా చిక్కితే ఆయన పేరుతో మా కోడ్‌లో ఏమైనా కలిపేయొచ్చు. “మీకు కష్టంగా ఉంటుంది, ఆ పని నేను చేస్తాను” అని మర్యాదగా రాశాడు. వదినకు చెప్పాను. “ఎవరు పెట్టిన్రు ఆ రూలు?” అంది. అన్నే పెట్టాడన్నాను. “ఇంకేం జేస్తం. తియ్యమను” అంది.

ఆ శనివారం నేను ఆమె పక్కనే కూర్చున్నాను. చూస్తుండగా చుక్క బూడిదరంగుకు తిరిగింది. వదిన లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాయ్ ఇంకా పొంగనేలేదు, చుక్క మళ్ళీ పచ్చగా వెలిగింది.

“వదినా!” అని అరిచాను. ఆమె చేతిలో గిన్నెతోనే పరుగెత్తుకొచ్చింది. తెర చూసి, గిన్నె నేల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “తీసేసినా వచ్చిండు సూడు. ఎన్నడన్న ఒకల మాట ఇన్నడా?” అంది. నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ ఇద్దరం ఏడ్చాం. ఎందుకు వచ్చిందని అడగడం నా ఉద్యోగం, కానీ ఆ పూట నాకు అడగబుద్ధి కాలేదు.

అడగాల్సిన పని లేకుండానే జవాబు వచ్చింది. చలిదేశపు ఆయన తవ్వి చూశాడు. మా లైబ్రరీ మనిషికి రెండు ఇస్తుంది. ఒకటి కొంతసేపే చెల్లే పట్టీ. రెండోది, పట్టీ చెల్లిపోయినప్పుడు చూపించి కొత్తది తెచ్చుకునే కార్డు. అన్న రాసిన ‘పోయిరా’ పట్టీని కోసేస్తోంది కానీ, కార్డును జేబులోనే వదిలేస్తోంది. దాంతో తీసేసిన మనిషి కాసేపటికి తనంతట తానే తిరిగి రాగలడు. మా పేజీలోనే కాదు, లైబ్రరీ వాడుతున్న ప్రతిచోటా ఇదే కథ. క్లినిక్‌లో పని మానేసినవాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని రోగుల రిపోర్టులు చూడొచ్చు.

“ఈ ఆజ్ఞ పేరుకు మీ భాషలో అర్థం ఏమిటి?” అని అడిగాడు. వెళ్ళి, తిరిగి రా అని అర్థం అని రాశాను. “అయితే అది సరిగ్గా ఆ పనే చేస్తోంది” అని జవాబిచ్చాడు. ఎగతాళి కాదు, ఆయన ఎగతాళి చేసే మనిషి కాదు. ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఆ వాక్యం చదివి భోరున ఏడ్చాను. అన్న మరిచిపోయాడా, కావాలనే వదిలాడా తెలియదు. ఆ వరస పైన ఒక్క ముక్క వివరణ కూడా రాయలేదు మహానుభావుడు. అడుగుదామంటే మనిషి లేడు.

ఆ కోడ్ లోతు తెలిసినదాన్ని నేనే కాబట్టి, దిద్దుబాటు నేనే రాశాను. మా నియమం ప్రకారం ఇంకొకరు సరే అంటే గానీ ఏదీ బయటికి వెళ్ళదు. చలిదేశపు ఆయన చదివి సరే అన్నాడు. పేరు కూడా మారుద్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఇక మీట నొక్కడమే మిగిలింది. కానీ నాకు ఇంకొకరి అనుమతి కావాలి, ఆమె పేరు ఏ పేజీలోనూ లేదు.

ఆదివారం చర్చి అయ్యాక వదినతో పాటు ఎంకపల్లి ఇంటికి వెళ్ళాను. విషయమంతా చెప్పాను. ఇది బాగుచేస్తే అన్న చుక్క ఇక రాదని కూడా చెప్పాను.

“ఒక్క చుక్క” అంది వదిన. “గా ఒక్క చుక్క ఎవరికి అడ్డమొచ్చింది? ల్యాప్‌టాప్ నా ఇంట్ల ఉన్నది. ఎవరికియ్య నేను. నా పానం పోయినా ఇయ్య.”

“నీ ఇంట్ల సంగతి కాదు వదినా. అందరి ఇండ్లల్ల...”

“అందరి ఫికర్ నాకెందుకు? నా ఫికర్ ఎవరు జేసిన్రు?”

నాకు కోపం తన్నుకొచ్చింది. “అన్న ఉంటే ఊకుంటుండెనా?” అని గట్టిగానే అరిచాను. వదిన ముఖం తిప్పుకుంది. అరిచినందుకు నా మీద నాకే రోత పుట్టింది. వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి ఆమె చేయి నా తల మీద పడింది.

“నన్నెందుకు అడుగుడు? నీ చేతులనే ఉన్నది గదా.”

“చేతుల ఉన్నది వదినా. గానీ నువ్వు అనంది నేను చెయ్య.”

వదిన తెర వైపు చూస్తూ కూర్చుంది. బయట ఎవరో కొత్తిమీర బండితో అరుచుకుంటూ వెళ్ళారు. అప్పుడు అడిగింది.

“ఆ పని మానేసినోల్లకు ఏమేం కనిపిస్తయి?”

“క్లినిక్‌ల ఉన్నయన్నీ. పేర్లు, మందులు, రిపోర్టులు.”

“రక్తం రిపోర్టులు గూడనా?”

“అవి గూడ.”

ఆమె తల వంచుకుంది. అన్న కంట నీళ్ళు పెట్టుకున్న ఆ రోజు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

“కోసెయ్యి” అంది వదిన.

“ఏంది వదినా?”

“పట్టీ. కోసెయ్యి. నాకైతే చెయ్యి ఆడది. నువ్వే కోసెయ్యి.”

నా ల్యాప్‌టాప్ తీసి దిద్దుబాటును బయటికి పంపాను. మా పేజీకి కూడా అది చేరిందని చూసుకున్నాక, అన్న పేరు ఎంచుకుని, అన్న పెట్టిన పేరుతోనే ఆ ఆజ్ఞ ఇచ్చాను. పచ్చ చుక్క బూడిదరంగు అయింది. కిటికీ దగ్గర అన్న ల్యాప్‌టాప్ చిన్నగా మోగింది. ఆయన దాన్ని తెలుగులోనే పెట్టుకునేవాడు. వదిన వంగి తెర మీది అక్షరాలు పైకి చదివింది.

“పోయి రా.”

నా వైపు తిరిగింది. “నువ్వు రాసినవా ఇది?”

“కాదు వదినా. అన్ననే రాసిండు.”

ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి, తీసేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పోయినసారి చాయ్ పొంగేలోపే వచ్చాడు. ఇన్నేళ్ళుగా ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టినదాన్ని, మొదటిసారి నా కోడ్‌లో తప్పు ఉండాలని దేవుణ్ణి అడిగాను. ఏదో ఒక వరస నేను మర్చిపోయి ఉండాలి, ఎక్కడో ఒక కార్డు వదిలేసి ఉండాలి అని. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చి, బల్ల దాటి గోడ మీదికి పోయింది. వదిన చాయ్ పెట్టలేదు, లైటు వేయలేదు.

“వస్తలేడా?” అంది చివరికి.

“రాడు వదినా” అన్నాను. “సరిగ్గనే రాసిన.”